గాలివానలకు ముందును, తరువాతను పెరటి చెట్ల సంరక్షణము
(పులికాట్ తీరగ్రామముల రైతుల ఉపయోగార్థము)

పులికాట్ సరస్సు మన దేశమున చిల్కా తరువాత రెండవదైన పెద్ద ఉప్పునీటి సరస్సు. దీనికి ప్రళయకావేరి యనియు పేరు కలదు. సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి యడ్డుగా నున్నది. పడమటి యొడ్డున తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రము, ఉత్తరమున చిట్టమూరు, వాకాడు ప్రాంతముల గ్రామములు కలవు. ఈ గ్రామములకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వర్షమే ముఖ్యాధారము. తుపానులును ఆ నెలలలోనే వచ్చును. 1984 నవంబరులో ఒక తీవ్రమైన తుపాను శ్రీహరికోట సమీపముననే తీరము దాటెను. 2016 డిసెంబరు 12వ తేదీన వర్దా తుపాను చెన్నై యొద్ద తీరము దాటెను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తీరము వెంబడి ఉత్తరముగా సాగి, 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము చేరెను.

ఇట్టి సమయములందు రైతులు రెండు పొరపాట్లు చేయుచుందురు. గాలివాన రాబోవుచున్నదని విని చెట్టు తలను మోడుగా నరకుట మొదటిది. గాలివాన వెలిసిన మరునాడే, బ్రతుకదగిన చెట్టును గూడ గొడ్డలి పాలు చేయుట రెండవది. కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. చింత చక్కగా కాయుటకు ఇంకను అధిక కాలము కావలయును. కావున ఒక గంట తొందర వలన పదేండ్ల ఫలము పోవును. అట్లని కూలుటకు సిద్ధముగా నున్న చెట్టును ఇంటిపై నుంచుకొనుట ప్రాణాపాయము. ఏ చెట్టును నిలుపవలయునో, దేనిని తీసివేయవలయునో తెలిసికొనుటయే ముఖ్యము.

1. చెట్లు కూలుటకు కారణములు

చెట్టు బలము వేరునందును, కొమ్మల పంగలందును ఉండును. వేళ్లలో అధికభాగము నేలపై రెండు మూడడుగుల లోతులోనే యుండి, కొమ్మల నీడను దాటి వ్యాపించును. దినముల తరబడి వాన కురిసి నేల నానినప్పుడు మట్టికి పట్టు తగ్గును. అప్పుడు గాలికి చెట్టు వేళ్లతో సహా పెకలును. ఇంటి పునాదికో, గొట్టములకో గోతులు త్రవ్వి ఒకవైపు వేళ్లను నరికిన చెట్టు ఆ వైపు పట్టు లేక ముందుగా పడును. మొదలు చుట్టును సిమెంటు పఱచుట వలనను వేళ్లు క్షీణించును. రెండు సమానమైన మానులు ఇరుకైన పంగతో పెరిగిన యెడల, వాని నడుమ బెరడు చిక్కుకొని యుండుటచే ఆ పంగ చీలును.

తుపానునందు గాలి ఒకే దిక్కున వీచదు. తుపాను కన్ను ఊరిమీదుగా పోయినచో, మొదట ఉత్తరపు గాలి వీచి, నడుమ కొంతసేపు నిశ్శబ్దమై, పిదప దక్షిణపు గాలి అంతే వేగముతో వచ్చును. మొదటి గాలికి వదులైన వేళ్లు రెండవ గాలికి తెగును. నడుమ నిశ్శబ్దమును చూచి చెట్ల క్రిందికి పోరాదు.

2. తుపాను కాలమునకు పూర్వము

కొమ్మలు కత్తిరించు పని వేసవి చివర మొదలిడి భాద్రపదములోపల ముగించవలయును. ఎండినవి, పుచ్చినవి, ఒకదానినొకటి ఒరయునవి, ఇంటికప్పుపై వ్రాలినవి మాత్రమే తీయవలయును. ఒక్క యేట చెట్టు ఆకులో నాలుగవ వంతునకు మించి తీయరాదు. తలను మోడుచేసినచో, కోతల యొద్ద గుబురుగా వచ్చు చిగురుకొమ్మలకు మానుతో గట్టి అతుకు కుదరదు. రెండు మూడేండ్ల పిదప వచ్చు గాలికి అవియే మొదట విఱుగును.

బరువైన కొమ్మను మూడు కోతలతో తీయవలయును. మొదట మానునకు ఒక అడుగు దూరమున క్రిందనుండి కొంతవరకు కోయవలయును. పిదప దానికి కొంచెము వెలుపల పైనుండి కోసి కొమ్మను దింపవలయును. తుదకు మిగిలిన మొద్దును, కొమ్మ మొదట నుండు ఉబ్బెత్తు చెడకుండ, దాని యంచున కోయవలయును. ఇట్లు చేసినచో బెరడు చీలి క్రిందికి రాదు. గాయమునకు తారు పూయ నక్కరలేదు. చెట్టు గాయము చుట్టును తానే గోడ కట్టుకొని కుళ్లును ఆపునని అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షిగో వివరించి యున్నాడు.

3. హెచ్చరిక వచ్చిన పిమ్మట

ఈ సమయమున పెద్ద కొమ్మలు నరకరాదు. నరికిన కొమ్మలే గాలికెగిరి గోడలకు తగులును. ముదిరిన కొబ్బరికాయలను, ఎండిన మట్టలను దింపవలయును, పచ్చమట్టలు నరకరాదు. గాలి హెచ్చినపిదప చెట్టెక్కరాదు. లేత మొక్కలకు మూడు వైపుల గుంజలు పాతి, గోనెపట్ట చుట్టి, కొబ్బరిపీచు త్రాటితో కొంచెము కదలునట్లు కట్టవలయును. మొదళ్ల యొద్ద నీరు నిలువకుండ కాలువలు తీయవలయును. పశువులను చెట్లక్రింద కట్టరాదు.

4. గాలివాన వెలిసిన పిమ్మట

మొట్టమొదట విద్యుత్తు తీగలను చూడవలయును. తీగ తగిలిన చెట్టును, దాని చుట్టునున్న నీటిని విద్యుత్ శాఖవారు వచ్చువరకు తాకరాదు. వంగి బిగిసియున్న కొమ్మను తెలియక కోసినచో అది ఎగిరి కొట్టును. అట్టి పని నేర్పరికి విడువవలయును. పిదప చెట్లను నాలుగు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటి తరగతి: ఆకులు రాలి, మాను నిలిచినవి. వీనిని తాకరాదు. కొన్ని వారములలో చిగుర్చును. ఎండతగిలిన బెరడు మాడకుండ సున్నము పూయవచ్చును.

రెండవ తరగతి: కొమ్మలు విఱిగినవి. చీలికలను పై విధముగా నున్నగా కోయవలయును.

మూడవ తరగతి: ఒరిగిన లేతచెట్లు. మాను అడ్డుకొలత నాలుగంగుళములకు లోపలయున్నచో లేవనెత్తవచ్చును. వేళ్లను తడిగోనెలతో కప్పి, వేళ్ల క్రింద గుంత తీసి, చెట్టును మెల్లగా నిలిపి, మట్టి కప్పి నీరుపోసి, గుంజలకు కట్టవలయును. రెండు మూడు దినములలోపలనే ఈ పని కావలయును. కట్లు ఒక సంవత్సరము ఉంచి, అప్పుడప్పుడు వదులు చేయుచుండవలయును. క్రొత్త ఆకు వచ్చువరకు ఎరువు వేయరాదు.

నాల్గవ తరగతి: మాను నిలువున చీలినవి, పెద్ద వేళ్లు సగము తెగినవి, మొదట నేల పగిలి ఒరిగిన పెద్ద చెట్లు. ఇవి ఇంటి యొద్ద నున్నచో తీసివేయవలయును.

5. కొబ్బరిచెట్లు

కొబ్బరికి ప్రాణము మొవ్వునందున్నది. మట్టలన్నియు విఱిగినను మొవ్వు నిలిచినచో చెట్టు బ్రతుకును. మొవ్వు విఱిగినచో మరల చిగుర్పదు. తడివలన మొవ్వు కుళ్లకుండ ఒక శాతము బోర్డో మిశ్రమమును పోయవలయును. మైలుతుత్తము 1 కిలో 50 లీటర్ల నీటను, పొడిసున్నము 1 కిలో మఱి 50 లీటర్ల నీటను కలిపి, తుత్తపు నీటిని సున్నపునీటిలో పోయుచు కలుపవలయును. ఇనుప పాత్ర పనికిరాదు. శుభ్రమైన ఇనుపకత్తిని మిశ్రమమున ముంచినప్పుడు ఎఱ్ఱని పూత పట్టినచో ఇంకను సున్నము చేర్చవలయును. చేసిన దినముననే వాడవలయును.

కూలిన మొద్దులను పెరటిలో కుళ్లనీయరాదు. వానియందు కొమ్ముపురుగు గ్రుడ్లుపెట్టి వృద్ధియగును. నిలిచిన చెట్ల గాయములందు ఎఱ్ఱముక్కు పురుగు చేరును. ఊరివారందఱు కలిసి మొద్దులను తీసివేయనిచో, తుపానుకు మిగిలిన చెట్లను పురుగు తినును.

6. ఉప్పునీరు చేరిన పెరళ్లు

సరస్సు నీరు పెరటిలో నిలిచినచో వెంటనే గండి కొట్టి బయటికి పంపవలయును. తరువాత మంచినీటిని విస్తారముగా పాఱించి ఉప్పును క్రిందికి దింపవలయును. ఆకులపై ఉప్పును గూడ కడుగవలయును. ఇసుకనేలలో ఉప్పు శీఘ్రముగా దిగును. బంకనేలలో భూసార పరీక్ష చేయించి, అవసరమైనచో జిప్సము వేయవలయును. మామిడి, నిమ్మ ఉప్పునకు తాళలేవు. కొబ్బరి, తాడి కొంత తాళును.

7. మరల నాటుట

2016లో వర్దా తుపానున చెన్నై వీథులలో తురాయి, పచ్చతురాయి వంటి అలంకార వృక్షములు విశేషముగా కూలినవి. ఇంటి చుట్టును వేప, కానుగ, తాడి వంటివి మేలు; మునగ పెళుసుగనుక కప్పునకు దూరముగా నాటవలయును. పెద్ద చెట్టును, దాని కొమ్మలు విస్తరించునంత దూరము గోడకు ఎడముగా ఉంచవలయును. ప్లాస్టిక్ సంచిలో చుట్టలు చుట్టుకొనిన వేళ్లను విడదీయక నాటినచో, చెట్టు పెరిగినను వేరు పట్టదు.

ఆషాఢమున ఒక పూట కత్తితో చేసిన పని కార్తికమున వచ్చు గాలివానకు అడ్డుగా నిలుచును. కార్తికమున హెచ్చరిక విని చేసిన నరుకుడు చెట్టును గాని, ఇంటిని గాని కాపాడజాలదు.