పాత బైనాక్యులర్, కొత్త ఆకాశం: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఎర్రగడ్డ ఆదివారం సంతలో రెండు పాత బైనాక్యులర్లు బేరానికి వచ్చాయి. ఒకదానిమీద 7×50 అనీ, రెండోదానిమీద 60×60 అనీ ఉంది. ధర ఇంచుమించు ఒకటే. పెద్ద అంకె ఉన్నదే మేలు కదా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: కాదు. కొత్తగా కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఈ అంకెల దగ్గరే. మొదటి అంకె దృశ్యాన్ని ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపుతుందో చెబుతుంది. దీనిని ఆవర్ధనం అంటారు. రెండోది ముందువైపు కటకం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తెలుపుతుంది. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే కంటిలోకి వచ్చే కాంతిపుంజం వెడల్పు తెలుస్తుంది. 7×50లో అది సుమారు 7 మిల్లీమీటర్లు. చీకటిలో యువకుల కంటిపాప కూడా దాదాపు అంతే విప్పారుతుంది కనుక, కటకం పోగుచేసిన వెలుగంతా కంటికి చేరుతుంది. వయసు మీరినవారి కంటిపాప 5 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోవచ్చు కనుక వారికి 10×50 చాలు. చవక బైనాక్యులర్ల మీద చెక్కిన 60 అనే అంకె నిజం కావడం అరుదు. ఒకవేళ నిజమే అయినా కాంతిపుంజం 1 మిల్లీమీటరుకు కుంచించుకుపోయి దృశ్యం మసకబారుతుంది, చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరిగి ఏ చుక్కా ఒకచోట నిలవదు. 1610లో గురుగ్రహపు చంద్రులను కనిపెట్టిన గెలీలియో దూరదర్శిని ఆవర్ధనం సుమారు 20 మాత్రమే. దానిలో చంద్రబింబమంతా ఒకేసారి ఇమిడేది కూడా కాదు. మామూలు 7×50లో మాత్రం పక్కపక్కన పేర్చిన 14 చంద్రబింబాలు పట్టేంత ఆకాశం ఒక్కసారిగా కనిపిస్తుంది, ఆకాశంలో దారి వెతుక్కోవలసిన కొత్తవారికి కావలసింది ఈ విశాలతే. 7×50నే కొనవలసింది.

ప్రశ్న: పాతది కొనేముందు ఏమేమి పరీక్షించాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అన్నిటికంటే ముందు రెండు గొట్టాలూ ఒకే దిక్కును చూస్తున్నాయా అని పరీక్షించాలి. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసమీదో, గోపురం కలశంమీదో గురిపెట్టి స్పష్టత సరిచేసుకున్న తరువాత, బైనాక్యులర్‌ను కళ్ళనుంచి నెమ్మదిగా అంగుళం మేర వెనక్కు జరుపుతూ చూస్తే, గొట్టాలు సరిగా ఉన్నచోట కొస ఒకటిగానే నిలుస్తుంది, తప్పినచోట రెండుగా చీలుతుంది. కిందపడి లోపలి పట్టకం, అంటే కాంతిని మలిచి తలకిందుల బింబాన్ని నిటారుగా నిలిపే గాజుదిమ్మ, కదిలిపోవడం దీనికి సాధారణ కారణం. అలాంటి దానితో పావుగంట చూసేసరికి తలనొప్పి మొదలవుతుంది కనుక, ఎంత చవకకు ఇచ్చినా వదిలివేయాలి. తరువాత ముందు కటకంలోకి టార్చి వేసి చూడాలి. సముద్రతీరపు తేమలో బూజు పట్టడం సహజం. సన్నని తీగలుగా అల్లుకున్న తెల్లని జాడ కనిపిస్తే అది బూజే. దుమ్ము, పైపై గీతలు ఉన్నా ఇబ్బంది లేదు. సోవియట్ కాలపు బైనాక్యులర్లు దృశ్యాన్ని కొంచెం పసుపుగా చూపవచ్చు, దానివల్ల నక్షత్రాలకు వచ్చే నష్టం స్వల్పం. కటకం మీద ఎర్రగా మెరిసే పూత ఉన్నవాటిని మాత్రం తీసుకోరాదు. ఆ పూత ఎర్రని కాంతిని వెనక్కు కొట్టివేసి మిగిలినదాన్నే లోపలికి పంపుతుంది.

ప్రశ్న: 10×50తో శని వలయాలు కనిపిస్తాయా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: కనిపించవు, గురుగ్రహపు నాలుగు పెద్ద చంద్రులు మాత్రం, మోచేతులు గోడకు ఆనించి చూస్తే, కనిపిస్తాయి.

ప్రశ్న: పెళ్ళిలో చూపించిన అరుంధతి ఆనాడు కంటికి ఆనలేదు. బైనాక్యులర్‌తో చూడవచ్చునా? ఇంతకూ చవక బైనాక్యులర్‌తో చూడదగినవి ఏమున్నాయి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆనాడు ఆనకపోవడం కంటి లోపం కానవసరం లేదు, ముహూర్తం పగలు పడితే ఆ నక్షత్రం ఎవరికీ కనిపించదు. వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో చీకటి పడ్డాక ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా ఉంటుంది. దాని తోకలోని మూడు నక్షత్రాలలో నడిమిది వసిష్ఠుడు, పక్కనే మసకగా ఉండేది అరుంధతి. బైనాక్యులర్‌లో వీరిద్దరూ స్పష్టంగా విడిపోవడమే కాక, వీరితో చదునైన త్రిభుజంగా ఏర్పడే మూడో చుక్క కూడా కనిపిస్తుంది. 1722లో లీబ్‌క్నెక్ట్ అనే జర్మన్ పండితుడు దానిని కొత్త గ్రహంగా భావించి తన ప్రభువు పేరు పెట్టాడు. తరువాత అది మామూలు నక్షత్రమేనని తేలింది.

రెండో ప్రశ్నకు జవాబు ప్రతి తెలుగింటి పంచాంగంలోనే ఉంది. జన్మనక్షత్రం అడిగితే తడుముకోకుండా చెప్పేవారు సైతం అది ఆకాశంలో ఎక్కడ ఉందో చూపలేకపోవడం విచారించవలసిన విషయం. చవక బైనాక్యులర్ చేయగల అసలు మేలు ఈ కొరత తీర్చడమే. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు ఉత్త కంటికి ఆరుగా తోస్తాయి, బైనాక్యులర్‌లో పదుల సంఖ్యలో బయటపడతాయి. రోహిణి చుట్టూ ఉన్న చుక్కల గుంపు నిండుగా కనిపిస్తుంది. అయితే రోహిణి ఆ గుంపులోనిది కాదు, 65 కాంతి సంవత్సరాల దూరంలో మనకు దగ్గరగా ఉండి, అంతకు రెట్టింపుకు పైగా దూరంలోని గుంపుకు అడ్డంగా నిలిచింది. పుష్యమి దగ్గర మసకగా తోచే మరక చిన్న చిన్న నక్షత్రాలుగా విడిపోతుంది. జ్యేష్ఠ ఎరుపు మరింత తేటపడుతుంది. పేరు తెలిసిన చోటినుంచి తెలియని చోటికి నడవడమే ఆకాశం నేర్చుకునే పద్ధతి, అందుకు మొదట కన్ను, తరువాత బైనాక్యులర్ కావాలి. ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో బడిపంతులు జార్జ్ ఆల్కాక్ వేలాది నక్షత్రాల స్థానాలను కంఠస్థం చేసినందువల్లనే 1983లో ఇంట్లో నుంచి, మూసిన కిటికీ అద్దం గుండా బైనాక్యులర్‌తో చూస్తూ, ఉండకూడని చోట ఉన్న తోకచుక్కను గుర్తించగలిగాడు. దానిని కనిపెట్టినవారిలో ఒకరిగా ఆయన పేరు ఆ తోకచుక్కకు చేరింది. డాబామీద మడత కుర్చీ వేసుకుని, దీపాలార్పి ఇరవై నిమిషాలు కళ్ళను చీకటికి అలవాటు చేసి, రోజుకొక నక్షత్రం చొప్పున గుర్తుపట్టడం నేర్చుకుంటే ఏడాది తిరిగేలోగా ఇరవై ఏడూ కంటికి పరిచయమవుతాయి.

ప్రశ్న: గ్రహణంనాడు పిల్లలకు బైనాక్యులర్‌తో సూర్యుణ్ణి చూపించవచ్చునా? నల్ల కళ్ళద్దాలు పెడితే చాలునా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: చాలవు, చూపించనేకూడదు. కటకం కేంద్రీకరించిన ఎండ కంటి లోపలి పొరను క్షణాలలో కాల్చగలదు, ఆ పొరలో నొప్పి తెలిపే నరాలు లేనందువల్ల పిల్లలు చెప్పేలోగా చూపు దెబ్బతింటుంది. గ్రహణపు కళ్ళద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లో చూడటం కూడా అంతే ప్రమాదం, ఎందుకంటే కంటిదగ్గర కేంద్రీకృతమైన వేడి ఆ కళ్ళద్దాల పొరను కరిగించగలదు. అట్టముక్కకు సూదితో బెజ్జం చేసి, ఎండను గోడమీద పడనిచ్చి, అక్కడ ఏర్పడే సూర్యబింబాన్ని పిల్లలకు చూపించాలి. బైనాక్యులర్‌ను సూర్యాస్తమయం పూర్తయ్యేవరకు వారికి అందనిచోట ఉంచాలి.