డిపోలో కోపగించు కొనుగోలుదారుడు, గుమాస్తా నడవడి

సహకార సంఘపు ఎరువుల డిపోలో బల్లకు ఈవల నిలుచు రైతును గూర్చియు, ఆవల కూర్చుండు గుమాస్తాను గూర్చియు ఈ మాసము కొంత వ్రాయదలచితిమి. బజారు కొట్టులో కోపగించిన బేరగాడు మఱియొక కొట్టునకు పోవును, అంతటితో సరి. మన డిపోలో అట్లు కాదు. వాటాధనము చెల్లించిన సభ్యుడే కొనుగోలుదారుడు. అతడే యజమానులలో ఒకడు. అందువలన "నా సొమ్ముతో బ్రతుకుచు నాకే ఎదురు చెప్పుదువా" అను మాట ఇచ్చట తఱచుగా వినబడుచుండును. ఒక సభ్యుడు సంఘమంతకు యజమాని కాడు. గుమాస్తా ఏ యొక్క సభ్యునికిని ఇంటి నౌకరు కాడు. ఇది ఇరువురును తెలిసికొనవలసిన మొదటి పాఠము.

1844 లో ఇంగ్లాండునందలి రాచ్‌డేల్ పట్టణమున 28 మంది పనివారు కూడి కొట్టు తెఱచినపుడు కల్తీలేని సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము అను నియమములు పెట్టుకొనిరి. 1904 లో మదరాసు ట్రిప్లికేనులో పుట్టిన సంఘమును ఆ త్రోవనే నడచెను. కొట్టులోని తగవులకు మూలములు ఎచ్చట నుండునో వారికి తెలిసియుండును కాబోలు.

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతముల డిపోలలో మేము గమనించినంతవఱకు, రైతు కోపము గుమాస్తాను చూచి పుట్టినది కాదు. ఇంటినుండియో, పొలమునుండియో, వరుసలో నిలిచిన ఎండనుండియో వచ్చినది. వ్రేలిముద్ర యంత్రమునే తీసికొందము. 2016 లో ఈ పద్ధతిని పరీక్షించుటకు దేశమున ఎంచిన జిల్లాలలో పశ్చిమగోదావరియు, కృష్ణయు ఉండెను. 2018 నాటికి అది దేశమంతటను వ్యాపించెను. నాట్లు వేసి, కొడవలి పట్టి అరిగిన వ్రేళ్ల గీతలను యంత్రము గుర్తింపదు. "నీ వేలు పడట్లేదు, పక్కకు జరుగు" అని గుమాస్తా అనినచో, జన్మమంతయు ఆ వ్రేళ్లతోనే పనిచేసిన ముసలిది మండిపడదా? "తడి తుడుచుకుని ఇంకో వేలు పెట్టండి అత్తా, మిషను మొండిది" అనినచో అదే స్త్రీ నవ్వును. పని ఒకటే, పట్టిన కాలమును ఒకటే.

సరకు కొఱత అంతకంటె గట్టి చిక్కు. 2025 ఖరీఫులో యూరియాకై మన రాష్ట్రమునను, తెలంగాణమునను రైతులు బారులు తీఱిన సంగతి ఎల్లరెఱుగుదురు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తరువు ప్రకారము నిలువయు ధరయు పలకమీద వ్రాసి కనబడునట్లుంచవలెను. అమ్మిన ప్రతి సరకునకు రసీదు ఇయ్యవలెను. ప్రొద్దుటనే పలకమీద "యూరియా బస్తాలు 80" అని వ్రాసి, ఖర్చైన కొలది దిద్దుచుండినచో సగము కేకలు లేకుండ పోవును. పలకమీద 80 ఉండగా గిడ్డంగిలో 50 మాత్రమే ఉన్న డిపోలో ఎంత మృదువుగ మాటలాడినను ప్రయోజనము లేదు. యూరియా కావలెనన్న మఱియొక సీసా కొనవలెనని బలవంతము చేయు కొట్టులోనైతే రైతు కోపము న్యాయమైనదనియే మా అభిప్రాయము.

ఇక కేకలు వేసినవానికి ముందు బస్తా ఇచ్చి పంపివేయు గుమాస్తాలు కొందఱున్నారు. ఇది మిక్కిలి చెడ్డ అలవాటు. వరుసలో నున్న నలుబదిమందియు చూచుచునే యున్నారు. రేపు నలుబదిమందియు కేకలు వేయుదురు. కోపగించినవానికి మంచినీళ్లు ఇయ్యవచ్చును, కూర్చుండ పీట వేయవచ్చును, వరుస మాత్రము మార్చరాదు.

కోపమువెనుక నున్న అవసరమును అడిగి తెలిసికొనుటయే మేలైన జవాబు. ఒకడు "చేను పచ్చబడిపోతోంది, ఇంకో రెండు బస్తాలివ్వు" అని బల్ల గ్రుద్దుచున్నాడనుకొందము. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోల 700 గ్రాములు. నత్రజని అవసరమునకు మించిన చేనికి సుడిదోమ ఎక్కువగును. కాబట్టి గుమాస్తా మొదట ఇట్లడుగవలెను: "బాబాయిగారూ, ముదురాకు మీద తుప్పు రంగు మచ్చలున్నాయాండీ?" ఉన్నచో అది జింకు లోపము కావచ్చును. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి అయిదేసి రోజుల ఎడముతో రెండు మూడు మారులు పిచికారి చేసిన చేను తేఱుకొనును. యూరియా పోసినంత మాత్రమున మచ్చలు పోవు. ఈ ప్రశ్న అడుగగానే రైతు గొంతు తగ్గుట మేము పలుమారులు చూచితిమి. తన చేనిని గూర్చి అడుగువానితో ఎవడును ఎక్కువసేపు కలహింపడు.

కఱకుదనము ఎల్లప్పుడును ఈవలినుండియే రాదు. పొలము కలవానికి "దయచేయండి" అనియు, కౌలుదారునకు "ఏం కావాలి?" అనియు పలుకు నాలుక సంఘమునకు శత్రువు. ఈ డెల్టాలో దున్నువారిలో చాలమంది కౌలుదారులే. వారికై 2019 లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. కార్డు చేత పట్టుకొని వచ్చినవానిని "భూమి నీదా?" అని పదిమందిలో అడుగుట అనవసరము, అడిగి తిట్టు తినుట ఆశ్చర్యము కాదు.

అయితే గుమాస్తా ఓర్పునకును మేర కలదు. విసుగును, ఎగతాళిని, "ఏరా" అను పిలుపును ఒకమారు విననట్లు ఊరకుండవచ్చును. చేయి ఎత్తినను, ఆడవారిని దూషించినను, కులము పేరెత్తినను బిల్లు అచ్చటనే నిలిపి కార్యదర్శిని పిలువవలెను. షెడ్యూల్డు కులమువానిని పదిమంది యెదుట కులము పేర తిట్టుట 1989 నాటి చట్టము ప్రకారము నేరము. తిట్టినవాడు పాలకవర్గపు సభ్యునికి బావమఱిది యైనను నేరమే. ఇట్టి సమయమున "పెద్దాయన, సర్దుకో" అని గుమాస్తానే అణచు సంఘములలో నమ్మకమైన పనివాడు నిలువడు.

కొల్లేటి లంకల దగ్గరి డిపోలకు వేఱుగ ఒకమాట. 2024 సెప్టెంబరులో బుడమేటి వరద కొల్లేటికి దిగినపుడు చేలు నీటబడినవారు ఒకే కారున రెండవమారు విత్తనమునకు రావలసివచ్చెను. అట్టివాడు బల్లముందు నిలిచి ప్రభుత్వమును, సంఘమును, ఉప్పుటేటిని, దేవుని కలిపి తిట్టును. వానికి మర్యాద నేర్పుటకు అది సమయము కాదు. తక్కువ దినముల రకములు ఏవి నిలువయున్నవో, ఏది ఎన్నాళ్లకు కోతకు వచ్చునో, మన డిపోలో లేనియెడల ఏ సంఘములో దొరకునో గుమాస్తా ముందుగనే ఒక కాగితముపై వ్రాసియుంచి, వాని తిట్లు ముగియగానే దానిని చేతికియ్యవలెను.