శీతకాలమున ఆరుబయటి గుర్రమునకు ఎట్టి కప్పు తగును?

వికారాబాదు, తాండూరు పట్టణములలో జట్కాల కాలము గతించినది. అయినను పెండ్లి బరాత్‌లకు, సవారీకి గుర్రములను పోషించువారు నేటికిని కలరు. ఆరుబయట కట్టివేసిన గుర్రముపై, అనంతగిరి వైపు చలి ముదరగానే, చేతికందిన గోనెపట్టానో పాత దుప్పటినో కప్పుట పరిపాటి. అది దయతో చేయు పనియే. కాని దయకు తెలివి తోడు కానిచో మేలునకు బదులు కీడు కలుగును. కనుక ఈ విషయమును కొంత విచారింతము.

గుర్రము శరీరపు వేడిమి సుమారు 38 డిగ్రీల సెంటీగ్రేడు. పగటి వెలుతురు తగ్గినకొలది దానికి ఒత్తయిన వెండ్రుకలు పెరుగును. చలి సోకినపుడు అవి నిక్కబొడుచుకొని, నడుమ గాలిపొరను నిలుపును. ఆ గాలియే ప్రకృతి ఇచ్చిన కంబళి. తడిసినను, బరువైన గుడ్డ క్రింద అణగినను ఆ పొర నశించును. పీచుగల మేత పెద్దప్రేగులలో పులియునపుడు పుట్టు వేడిమి మరియొక రక్ష. కావున ఒడలు పొడిగా నుండి, ఈశాన్యపు గాలికి అడ్డముగా నాపరాళ్లు నిలిపిన గోడయు, రాత్రికి చాలినంత ఎండుగడ్డియు గల ఆరోగ్యవంతమైన గుర్రమునకు మన ప్రాంతపు చలిలో సాధారణముగా కప్పు అక్కరలేదు.

అక్కర గలవి ఏవి? ముసలివి, బక్కచిక్కినవి, జబ్బుపడినవి, వెండ్రుకలు కత్తిరించినవి, పసిపిల్లలు, వానకు తడిసి వణకుచున్నవి.

వీటికి ఏ కప్పు తగును? గోనె నీటిని పీల్చి, చల్లబడి, ఒంటికి అంటుకొనును. ప్లాస్టిక్కు పట్టా వానను ఆపును గాని చెమటను బయటికి పోనీయదు. దక్కనీ గొఱ్ఱెల ఉన్నితో కురుమలు నేయు నల్లగొంగడి కొంత తడిసినను వెచ్చదనమును కోల్పోదు. కాని గరుకైనది గనుక మూపు, భుజములు ఒరిసికొనకుండ లోపల మెత్తని నూలుగుడ్డ కుట్టవలెను. గుర్రముల కొరకై తయారగు కప్పులలో నింపుడు బరువును చదరపు మీటరుకు 100, 200, 300 గ్రాములని చెప్పుదురు. 300 గ్రాములది మంచుదేశములకు తగినది. ఇక్కడ పలుచనిదే చాలును. గాలి ఆడుచు, నీరు చొరనిది శ్రేష్ఠము.

మన చలికాలమున రాత్రి వణకించు చలి, మధ్యాహ్నము చురుక్కుమను ఎండ. రాత్రి మేలుచేసిన కప్పే పగలు చెమట పట్టించును. కాబట్టి ప్రొద్దెక్కగానే దానిని తీసి, ఒడలు తోమి, పుండ్లున్నవేమో చూచి, కప్పును ఎండవేయవలెను. ఒక గుర్రముది మరియొక దానికి వేసినచో తామర అంటుకొనవచ్చును.

కొలతను రొమ్ము నడుమనుండి ప్రక్కగా పిఱుదుల చివరి వరకు తీయవలెను. బిగువైనది భుజములను కోయును. వదులైనది జారి కాళ్లకు చుట్టుకొనును. పొట్ట క్రింది పట్టీలో అరచేయి దూరునంత సందు ఉండవలెను.

మూగజీవి తనకు చలియో ఉక్కయో చెప్పలేదు. మూపు వద్ద కప్పు క్రింద చేయి పెట్టి చూడవలెను: వెచ్చగా, పొడిగా నున్నచో సరి; చెమ్మగా నున్నచో తీసివేయవలెను. స్వల్ప ధనము గల యజమాని దానిని మొదట మేతకు, పిదప గాలి చాటునకు, ఆ తరువాతనే కప్పునకు వినియోగించుట ఉత్తమమని మా అభిప్రాయము.