వేసవిలో ట్రాక్టరు బ్యాటరీ సంరక్షణము

దుత్తలూరు మెట్టపొలములలో పంట పనులు ముగిసిన పిమ్మట వేసవియందు ట్రాక్టరు వారముల తరబడి కొట్టములో నిలిచియుండుట కలదు. వాన కురిసి పదును కలిగిననాడు బ్యాటరీ పనిచేయకున్న దుక్కి అదను తప్పును. శీతల దేశముల రైతులకు మంచు భయము. మనకు ఎండ భయము. వేడిమి హెచ్చినకొలది బ్యాటరీ తనంతట వేగముగా దిగిపోవును. దిగినదానిని అట్లే యుంచినచో సీసపు పలకలపై లెడ్ సల్ఫేటు గట్టిపడి, మరల చార్జి నిలువదు.

కావున మేము రైతు సోదరులకు చెప్పునదేమన: బ్యాటరీని పూర్తిగా చార్జి చేయించి, మొదట మైనసు తీగను, పిదప ప్లస్ తీగను విప్పి, నీడపట్టున నుంచుడు. నెలకొకసారి పరీక్షింపుడు, 12 వోల్టుల బ్యాటరీ 12.4కు దిగినచో మరల చార్జి చేయింపుడు. నీరు పోయు రకమైనచో డిస్టిల్డు వాటరే పోయవలెను, బావినీరు తగదు. చార్జి యగుచున్నపుడు నిప్పు దగ్గరకు రానీయరాదు. ఈపాటి శ్రద్ధ క్రొత్త బ్యాటరీ వ్యయమును, అదను పోవు నష్టమును తప్పించును.