మగ్గానికీ ఒక వేళ పెట్టు

అమ్మణ్ణీ,

మొన్న నువ్వు ఫోను చేసినప్పట్నుంచీ నా మనసంతా మీ పెద్దతిప్పసముద్రంలోనే ఉంది. ఫోన్లో అన్నీ చెప్పడానికి కుదరదు. మధ్యలో పాప ఏడుస్తుంది, నీకు సగం మాటలు వినపడవు. అందుకే రాస్తా ఉన్నా. పాలిస్తా కూర్చున్నప్పుడు కొంచెం కొంచెంగా చదువుకో.

నువ్వు నన్ను అడిగింది రెండు సంగతులు. షెడ్డులోకి మళ్ళా పట్టుపురుగులు ఎప్పుడు తెచ్చుకోవచ్చు అనేది ఒకటి. నువ్వు జాకెట్లకు కుట్టుపని చేసే మగ్గం చట్రం విప్పేసి అటక మీద పెట్టేద్దామా అనేది ఇంకొకటి. మొదటిది అడిగినప్పుడు నీ గొంతు మామూలుగానే ఉంది. రెండోది మాత్రం అడగకూడనిదేదో అడిగినట్టు మెల్లగా అడిగితివి. అందుకే దానికే ముందు జవాబు చెప్తా. మగ్గం అటక ఎక్కించొద్దు.

పట్టుపురుగుల పంటకు మీ ఇంట్లో ఎంత మర్యాద ఉందో ఒకసారి ఆలోచించు. రెండో జ్వరం దాటి, రెండోసారి పొర విడిచిన చాకీ పురుగులు ఇంటికొచ్చిన రోజు నుంచి గూడు కట్టేదాకా, ఆ పదహారు పద్దెనిమిది రోజులు, ఇంటిల్లిపాదీ వాటి వేళకే నడుచుకుంటారు. పొద్దున ఆకు, మధ్యాన్నం ఆకు, రాత్రి ఆకు. నాలుగో జ్వరం నుంచి లేచినాక వారం రోజులైతే చెప్పే పనే లేదు. మొత్తం పంటలో తినే ఆకులో నూటికి ఎనభై వంతులు ఆ ఒక్క వారంలోనే తినేస్తాయి. అప్పుడు మీ మామ తిరణాలకు పోడు, మీ అత్త చుట్టాలింటికి పోదు, అల్లుడు స్నేహితులు పిలిచినా కదలడు. ఎవరూ ఎవరినీ బతిమలాడుకోరు. పురుగులకు వేళ ఉంది, ఆ వేళ అందరికీ తెలుసు, అంతే. నీ మగ్గానికి అటువంటి మర్యాద ఇంతవరకూ ఎవరూ ఇయ్యలేదు. ‘ఖాళీ ఉన్నప్పుడు కుట్టుకుంటుందిలే’ అనేదే ఇంట్లో మాట. మూడో నెల బిడ్డ తల్లికి ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? ఖాళీ దొరికితే కుట్టుకుందామని కూర్చుంటే ఆ చట్రానికి బూజు పట్టడమే.

కాబట్టి మగ్గానికి ఒక వేళ పెట్టుకో. రోజుకు ఒక్క గంట చాలు. పొద్దున పదకొండు నుంచి పన్నెండు అనుకుందాం. మీ మామ, అల్లుడు తోటనుంచి వచ్చేసి ఉంటారు, వంట పని ఒక కొలిక్కి వచ్చి ఉంటుంది. అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు ఒకసారి చెప్పు: ‘అత్తా, రేపటి నుంచి పదకొండు గంటలకు నేను మగ్గం దగ్గర కూర్చుంటా. ఆ గంటసేపు పాప మీ చేతుల్లో ఉంటుంది.’ అంతవరకే. రోజూ కొత్తగా అడుక్కోవద్దు. రోజూ అడిగితే రోజూ ఏదో ఒక అడ్డం వస్తుంది. ఒకసారి చెప్పి రోజూ కూర్చుంటే పది దినాల్లో అది ఇంటి అలవాటు అయిపోతుంది.

ఇంకొక మాట. దీనికి మీ అమ్మ కూడా ఒప్పుకోకపోవచ్చు. ‘బిడ్డ నిద్రపోయినప్పుడు కుట్టుకో’ అని అందరూ చెప్తారు. అట్లా చేయొద్దు. పాప నిద్రపోతే నువ్వూ నిద్రపో. ఈ నెలల్లో పాప రోజుకు ఎనిమిది పది మార్లు పాలు తాగుతుంది, రాత్రి రెండు మూడు మార్లు లేస్తుంది. పగటి నిద్ర కూడా మగ్గానికి ఇచ్చేస్తే ఒళ్ళు నిలబడదు. పాప మేలుకొని, పాలు తాగి, ఆడుకునే వేళే మగ్గానికి పెట్టుకో. ఆ వేళ పాప వాళ్ళ నాయన చేతిలో ఉంటే ఆయనకూ బిడ్డ గుణం తెలుస్తుంది. ఏ ఏడుపు ఆకలిది, ఏ ఏడుపు ఎత్తుకోమనేది, త్రేన్పు రావాలంటే భుజం మీద ఎట్లా వేసుకోవాలి, ఇవి ఎత్తుకున్నవాళ్ళకే తెలుస్తాయి. తల్లికి పుట్టుకతో వచ్చే విద్య కాదు ఇది. నువ్వు మూడు నెలల్లో నేర్చుకున్నదే కదా, ఆయన కూడా నేర్చుకుంటాడు.

నేను నర్సమ్మగా తిరిగిన కాలంలో నీరుగట్టువారిపల్లిలో పట్టు నేసే ఇళ్ళకు పోతా ఉండేదాన్ని. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, చేతుల్తో రాట్నం తిప్పుతా కండెలు చుట్టే బాలింతల్ని చూసినా. కాలు ఒక పక్క ఊగుతా ఉంటుంది, చెయ్యి ఒక పక్క తిరుగుతా ఉంటుంది, కళ్ళు పోగు మీద ఉంటాయి, చెవి మాత్రం ఉయ్యాల మీద ఉంటుంది. చూసినవాళ్ళు ‘ఎంత నేర్పరి’ అని మెచ్చుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ మెప్పు మింగుడు పడేది కాదు. ఆ ఇంట్లో ఇంకా నలుగురు ఉండేవాళ్ళు, ఎనిమిది చేతులు ఉండేవి. ఆ తాడు ఇంకొకరి చేతికి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. అదీ ఇదీ ఒకేసారి చేయగలిగినంత మాత్రాన అట్లా చేయాల్సిన అవసరం నీకు లేదు.

ఇంక ఏం కుట్టాలి అనేది. పెళ్ళికూతురు జాకెట్లు ఇప్పుడు ఒప్పుకోవద్దు. ముహూర్తం మన కోసం ఆగదు, ఆ దిగులుతో నీ పాలు కూడా సరిగ్గా రావు. చేతుల అంచులకు గొలుసుకుట్టు, వీపుమీద చిన్న బుటీలు, ఒకటి రెండు గంటల్లో ఒక భాగం ముగిసేవి తీసుకో. గడువు అడిగితే నీకు తోచినదానికి రెండింతలు చెప్పు. ఎన్ని గంటలు పట్టిందో నోటు పుస్తకంలో రాసిపెట్టుకో, ధర చెప్పేటప్పుడు పనికొస్తుంది. షెడ్డులో నాలుగో జ్వరం లేచే వారం ఒక్క ఆర్డరు కూడా పెట్టుకోవద్దు. నీది ఆపరేషను కాన్పు కాబట్టి చట్రాన్ని నేలమీద పెట్టుకుని వంగి కుట్టొద్దు. స్టాండు మీద ఎత్తుగా పెట్టించుకో, వీపు గోడకు ఆనేటట్టు కూర్చో.

పూసలు, కుందన్లు, చమ్కీలు, సూదులు, అన్నీ బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టు. ఇప్పుడు పాప ఉన్నచోటే ఉంటుంది కానీ ఇంకో నాలుగైదు నెలల్లో పాకుతుంది. పాకే బిడ్డకు నేలమీద కనపడిందల్లా నోట్లోకే పోతుంది. ఒక్క పూస గొంతుకు అడ్డంపడితే చాలు. కుట్టు ముగిసినాక తడిగుడ్డతో నేల తుడిచేది ఇప్పట్నుంచే అలవాటు చేసుకో.

షెడ్డు సంగతికి వస్తా. పురుగులు తెచ్చుకోండి, తప్పులేదు, కానీ ఈ పంటకు వంద గుడ్లు బదులు యాభై చాలు. మదనపల్లి మార్కెట్టుకు పోయినా, శిడ్లఘట్టకో రామనగరానికో పోయినా సగం గూళ్ళకు సగం డబ్బే వస్తుంది, అది నాకూ తెలుసు. ఈ ఒక్క పంటకు సగం చాలు. ఆకు మోపులు నువ్వు మోయొద్దు. పండు పురుగుల్ని ఏరి గూడు కట్టే చంద్రికలమీద వేసే రోజు మాత్రం కూలీ మనుషుల్ని పిలుచుకోండి. ఆ రోజు పని ఆగేది కాదు, నువ్వు పాలివ్వడానికి లేస్తే పురుగులు తట్టల్లోనే గూళ్ళు మొదలుపెడతాయి, అందరికీ చిరాకు, ఆ చిరాకు నీమీదికే వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం మందుల పని. పంటకు ముందు షెడ్డు కడిగి ఫార్మలిన్, బ్లీచింగు కొట్టే రోజు నువ్వు ఆ పక్కకే పోవద్దు, పాపను ఆ గాలి తగిలేచోట పడుకోబెట్టొద్దు. పురుగుల పడకమీద విజేత పొడి, సున్నం చల్లేది అల్లుడో మీ మామో చేయాలి. చల్లినవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కొని, బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకోవాలి. టమాటా తోటకు మందు కొట్టి వచ్చినవాళ్ళకూ ఇదే మాట, ఆ బట్టలు పాప గుడ్డల్తో కలిపి ఉతకొద్దు. పని వారం వస్తే షెడ్డులోనే చీర ఉయ్యాల కట్టేది మన పక్క చానా ఇళ్ళలో చూసినా. మీరు కట్టొద్దు. పక్క ఇంటివాళ్ళు తోటకు కొట్టిన మందు గాలికి తగిలితేనే పురుగులు చచ్చిపోతాయని తలుపులు మూసుకుంటాం. బిడ్డకు అంతకన్నా జాగ్రత్త కావద్దా?

పాప తిండి గురించి మీ జేజి ఏం చెప్తా ఉందో నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. వస అరగదీసి నాకించడం, తేనె పెట్టడం, ఎండకు గొంతు ఆరిపోతుందని చక్కెర నీళ్ళు పోయడం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దు. ఎండాకాలమైనా సరే, పాలలోనే బిడ్డకు కావలసిన నీళ్ళు ఉంటాయి. తేనె ఏడాది నిండేదాకా ముట్టించొద్దు, పసిబిడ్డ పేగుల్లో అది విషమయ్యే జబ్బు ఒకటి ఉంది. కంట్లో కాటుక వద్దు, ముక్కులో చెవిలో నూనె చుక్కలు వద్దు, సాంబ్రాణి పొగ వద్దు. ఇవన్నీ వద్దంటే జేజి మనసు నొచ్చుకుంటుంది. అందుకే ఆమెకు చేసేదానికి పని చూపించు. నూనె రాసి ఒళ్ళు పట్టేది, నీళ్ళు పోసేది, కాళ్ళమీద వేసుకుని పాట పాడేది ఆమె చేతిమీదుగానే జరగాలి. పాదం కింద కాటుక చుక్క ఆమెతోనే పెట్టించు. పెద్దామెను పక్కకు నెట్టకుండా పసిదాన్ని కాపాడుకోవచ్చు.

నీ పథ్యం కూడా అంతే. బాలింత కారం నీళ్ళు, ఉత్తన్నంతో సరిపెట్టుకునే రోజులు పోవాలి. రాగి సంకటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, చెనిక్కాయ ఉండ, అన్నీ తిను. దప్పికైనప్పుడల్లా నీళ్ళు తాగు. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు మింగాలి, ఒక నెలకే మానేసేవాళ్ళు ఎక్కువ. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకే వేళ వేసుకోవద్దు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి.

పాప పద్నాలుగో వారం టీకా దాకా ఒక్కటి కూడా దాటవేయొద్దు, తర్వాత తొమ్మిదో నెలలో ఎంఆర్ టీకా. సూదేసిన రాత్రి జ్వరం వస్తుందని భయపడి వెనక్కి తగ్గేవాళ్ళని చూస్తే నాకు బాధ. పాప పుట్టినప్పుడు క్షయ రాకుండా వేసిన బీసీజీ సూది సంగతే చూడు. మన మదనపల్లి పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం పెట్టినారు. 1950ల్లో అక్కడి ఫ్రిమోట్-మోలర్ డాక్టరు, ఆయన మనుషులు మదనపల్లి చుట్టు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, ఆ టీకా ఎంతవరకు కాపాడుతుందో ఏళ్ళ తరబడి చూసినారు. ఆ పరీక్షకు చేయి చాచినవాళ్ళు మన పల్లెల మనుషులే. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ముందు కళ్ళె పరీక్ష చేయించుకున్నాకే పాపను ఎత్తుకోవాలి. మీ మామకు చెప్పు, నేను చెప్పమన్నానని చెప్పు.

డబ్బుల మాట. ఆఫీసు ఉద్యోగం చేసే తల్లికి 2017 నుంచి 26 వారాల జీతం సెలవు చట్టంలోనే ఉంది. నీకు సెలవు ఇచ్చే ఆఫీసు లేదు, కాబట్టి ఇంటివాళ్ళే ఇవ్వాలి. మొదటి కాన్పుకు కేంద్రం ఇచ్చే మాతృవందన డబ్బు 5,000 రూపాయలు నీ ఖాతాలో పడిందా లేదా, అంగన్‌వాడీ టీచరమ్మను అడుగు. పడితే అది ఎరువుల కొట్లో కట్టేయనీకుండా చూసుకో. కుట్టు డబ్బులు కూడా నీ ఖాతాలోకే రానీ.

ఇదంతా చేసే ఓపిక లేకపోతే అనేది కూడా రాయాలి. కాన్పైన మొదటి వారాల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే. కానీ మొన్న ఫోన్లో ‘దేనిమీదా ఇష్టం లేదు పెద్దమ్మా’ అంటివి. అది నన్ను వదలడం లేదు. పాప నిద్రపోయినా నీకు నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, నేను పనికిరాని తల్లిని అనిపించడం రెండు వారాలు దాటి ఉంటే అది నీ గుణం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. అది జబ్బు, మందుతో మాటతో నయమవుతుంది. మీ ఊరి ఆశమ్మకో, ఆస్పత్రి డాక్టరుకో చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే 14416కు ఫోను చేయి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. అట్లా ఉంటే మగ్గం సంగతి పక్కన పెట్టు, ముందు వైద్యం. బాగైనాక మగ్గం ముందుకు వద్దువు.

ఈ ఉత్తరం అల్లుడి చేతికి కూడా ఇయ్యి. షెడ్డు సంగతి, పదకొండు గంటల సంగతి రాసినచోట ఆయన్నే పైకి చదవమను, అత్తామామలు వినేటట్టు.

వచ్చే ఆదివారం నేనే వస్తా ఉన్నా. రెండు రోజులు ఉంటా. పాప టీకా కార్డు, నీ మాత్రల చీటీ బయట పెట్టి ఉంచు. చట్రం స్టాండు కాలు ఊగుతా ఉందంటివి కదా, కొలత రాసి పంపు, ఇక్కడ వడ్రంగితో కొత్తది చేయించుకొని బస్సులో తెస్తా.

మీ పెద్దమ్మ
మదనపల్లి