మూలపడ్డ ట్రాక్టరుకు ప్రాణం పోయడం ఎలా?

(ఫైనల్ బి.ఎస్సీ., ఎం.పి.సి. విద్యార్థి)

మన కోనసీమలో ఏ పల్లెకు వెళ్ళినా, కొబ్బరిచెట్ల నీడనో తాటాకు పాకలోనో మూలపడ్డ పాత ట్రాక్టరు ఒకటి కనిపిస్తుంది. సీటు మీద కోళ్ళు, బానెట్టు మీద ఎండబెట్టిన కొబ్బరి డొక్కలు! తుక్కు బేరగాడు వచ్చి కేజీల లెక్కన అడుగుతాడు. ఇచ్చేద్దామా, బాగుచేయిద్దామా అన్న మాట మా ఇంట్లో కూడా వచ్చింది. గత వేసవి సెలవుల్లో నేను ఆ పని నెత్తికెత్తుకున్నాను. నేను మెకానిక్కును కాను. నాకున్న పెట్టుబడల్లా క్లాసులో విన్న ఫిజిక్సు, తాతయ్య వదిలివెళ్ళిన స్పానర్ల పెట్టె, అడిగినప్పుడు విసుక్కోకుండా చెప్పే మా ఊరి మెకానిక్కు బాబాయి. తెలుసుకున్నది సోదర విద్యార్థులతో పంచుకుందామని ఈ వ్యాసం.

అద్దె ట్రాక్టర్లు లేవా, ఈ శ్రమంతా ఎందుకు అని అడగవచ్చు. ఉన్నాయి. కాని మాది కాలువ శివారు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలితే మా చేలకు అందరికంటే ఆఖరున చేరతాయి. చేరిన వారంలోనే అందరికీ దమ్ముకు ట్రాక్టరు కావాలి. ఇరవై ఎకరాల ఆసామిని వదిలి మూడెకరాల కౌలు చేనుకు ముందు ఎవరొస్తారు? ఈలోపు నారు ముదిరిపోతుంది. ముదురు నారు పిలకలు సరిగా వేయదు. నాట్లు ఆలస్యమైతే కోతలు తుఫాన్ల రోజుల్లో పడతాయి. 1996 నవంబరు 6 నాటి తుఫాను గురించి మన ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగి చూడండి, నేను చెప్పనక్కరలేదు. కాబట్టి మాకు ట్రాక్టరంటే దర్జా కాదు, ఆ ఒక్క వారం.

మా బండి ఇంటర్నేషనల్ బి-275. ముప్ఫై అయిదు హార్సుపవరు, నాలుగు సిలిండర్లు. ఇంగ్లండులో తయారైన నమూనా. 1963లో మహీంద్రా వారు, అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారు, వోల్టాస్ వారు కలిసి పెట్టిన కంపెనీ దాన్ని మన దేశంలో తయారుచేసింది. 1977లో ఆ కంపెనీ మహీంద్రాలో కలిసిపోయింది. ఇంగ్లండు నమూనా అన్న సంగతి ఎందుకు చెప్పానంటే, దాని నట్లన్నీ అంగుళాల కొలత. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. మనం బజారులో కొనే 13 నంబరు స్పానరు దానికి పట్టినట్టే పడుతుంది. తుప్పు పట్టిన నట్టు మీద గట్టిగా లాగామా, తల గుండ్రమైపోతుంది. తాతయ్య పెట్టెలో అంగుళాల స్పానర్లు ఉండటం మా అదృష్టం. పాత బండి జోలికి వెళ్ళేవారు ముందు చూసుకోవలసింది ఇదే. బిగిసిపోయిన నట్టుకు సుత్తి మందు కాదు. డీజిలూ ఆయిలూ కలిపి పోసి రెండు రాత్రులు వదిలేస్తే సగం నట్లు వాటంతటవే దారికొస్తాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదని మనందరికీ తెలుసు. మరి నిప్పు ఎక్కడిది? గాలిని నొక్కితే వేడెక్కుతుంది. పదహారు భాగాల గాలిని ఒక భాగంలోకి నొక్కామనుకోండి. 30 డిగ్రీల గాలి అంటే 303 కెల్విన్లు. వేడి బయటికి పోకపోతే ఇది సుమారు 918 కెల్విన్లకు, అంటే 645 డిగ్రీలకు చేరాలి. నిజం ఇంజనులో గోడలు కొంత వేడిని తాగేస్తాయి. గామా 1.4 బదులు 1.3 వేసుకుని లెక్కకడితే 420 పైచిలుకు డిగ్రీలు వస్తుంది. డీజిలు అంటుకోవడానికి అందులో సగం వేడి చాలు. పరీక్షలో రెండు మార్కులకు రాసే అడయబాటిక్ సూత్రం మా పాకలో పనిచేస్తుంటే చూడటం నాకు కలిగిన మొదటి ఆనందం.

ఈ లెక్కలోనే ఒక రహస్యం ఉంది. ఇంజను మెల్లగా తిరిగితే గోడలు వేడిని తాగడానికీ, రింగుల సందులోంచి గాలి జారిపోవడానికీ తీరిక దొరుకుతుంది. అందువల్ల నీరసించిన బ్యాటరీ కూడా ఇంజను పాడైనట్టే కనిపిస్తుంది. "ఇంజను పోయింది, బోరింగు చేయించాలి" అని ఎవరైనా అంటే, ముందు మంచి బ్యాటరీ పెట్టి, తుప్పు పట్టిన కేబులు కొసలు గీకి చూడండి. వేలల్లో ఖర్చు వందల్లోకి దిగవచ్చు.

మా బండికి అంతకంటే ముందు ఇంకో చిక్కుంది. ఏళ్ళ తరబడి కదలక పిస్టన్లు బిగుసుకున్నాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మామూలే. ఇంజెక్టర్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి ఒక్కొక్క సిలిండరులో గుక్కెడు డీజిలు, ఆయిలు కలిపి పోసి అయిదు రోజులు ఆగాం. తరువాత ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి, ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి, కింద కొబ్బరి దుంగలు పేర్చి, టాప్ గేరులో వేసి ఆ చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఊపాం. మొదట వెంట్రుకవాసి. తరువాత వేలెడు. సాయంత్రానికి పూర్తిగా తిరిగింది. స్టార్టరుతో బలవంతం చేస్తే రింగులు విరిగేవని బాబాయి అన్నాడు. జాకీని మాత్రం ఎప్పుడూ నమ్మకండి, దుంగల్నే నమ్మండి.

నూనె విప్పేటప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున్నే గేరుబాక్సు అడుగు బోల్టును కాస్త వదులు చేయండి. లోపల నీళ్ళుంటే ముందు నీళ్ళే వస్తాయి, బరువు గనుక. మాకు అర చెంబు పైన వచ్చాయి. ఆ తరువాత వచ్చిన నూనె పాలు కలిపిన కాఫీలా ఉంది. మన డెల్టాలో ట్రాక్టర్లు పైనుంచి కాదు, కిందనుంచి చస్తాయని నా అభిప్రాయం. దమ్ములో ఇరుసు దాకా బురదనీళ్ళు. ఆయిలు సీలు ఒక్కటి అరిగితే చాలు, నీళ్ళు లోపలికి దూరి బేరింగుల్ని తినేస్తాయి. ఇంజను గురించి అందరూ మాట్లాడతారు, కొద్ది ఖరీదు చేసే ఈ రబ్బరు చక్రం గురించి ఎవరూ మాట్లాడరు. మేము పెట్టిన ఖర్చులో ఎక్కువ భాగం సీళ్ళకు, బేరింగులకు, నూనెకే పోయింది. సామాన్లు కొన్ని రావులపాలెంలో, మిగతావి రాజమండ్రిలో దొరికాయి.

గాలి వడపోసే డబ్బాలో ఎలుకగూడు. శుభ్రం చేసి అడుగున గుర్తు దాకా ఆయిలు పోశాం. గాలి కిందికి దిగి, ఆయిలు మీద చటుక్కున పైకి మలుపు తిరుగుతుంది. దుమ్ము బరువైనది, జడత్వం వల్ల తిరగలేక ఆయిల్లో పడిపోతుంది. వడపోతలో ఇంత తెలివి ఉందని నేను ఊహించలేదు.

ఇన్ని చేశాక కూడా బండి స్టార్టు కాలేదు. ఇక్కడే చాలామంది ఆశ వదులుకుంటారు. కారణం డీజిలు గొట్టాల్లో గాలి. పంపు డీజిలును గాలి పీడనానికి నూట యాభై రెట్లకు పైగా నొక్కితేనే ఇంజెక్టరు నోరు తెరుస్తుంది. డీజిలు దాదాపు నలగదు, కాబట్టి ఆ ఒత్తిడి అవతలికి చేరుతుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే బాయిలు సూత్రం ప్రకారం ఆ బుడగ నలిగి ఊరుకుంటుంది, ఇంజెక్టరుకు కబురే అందదు. మందు సులువు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడు పంపు మీట చేత్తో కొడుతూ, బుడగలు ఆగి నిండు డీజిలు వచ్చేదాకా ఉండి బిగించాలి. తరువాత ఇంజెక్షను పంపు దగ్గర అదే పని. చివర ఇంజెక్టర్ల దగ్గరి నట్లు వదులు చేసి స్టార్టరు తిప్పాలి. అయితే ఇంజెక్టరులోంచి చిమ్మే డీజిలుకు చెయ్యి అడ్డుపెట్టకండి. అది చర్మంలోంచి దూరిపోతుంది. చూడ్డానికి సూదిపోటంత గాయం, చెయ్యి తీసేసేదాకా వెళ్ళగలదు. ఇంజెక్షను పంపు లోపలి పనికి మాత్రం నేను సాహసించలేదు, పట్నంలో మిషను మీద పెట్టి సరిచూసేవారికి ఇచ్చాం.

మూడో తిప్పుడుకు నల్లపొగ, తరువాత తెల్లపొగ, ఆపైన శబ్దం. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి "పాక అంటుకుందా?" అంది.

దమ్ములో దిగే ముందు ఒక్క మాట. ఇది ఇంజనుకు కాదు, మనిషికి సంబంధించినది. దమ్ము చక్రాలు బురదలో కూరుకుపోతే కొందరు చక్రానికి దుంగ కట్టి ముందుకు లాగిస్తారు. చక్రం తిరగడానికి వీల్లేనప్పుడు ఇంజను బలం ఏం చేస్తుంది? న్యూటను మూడో నియమం ప్రకారం బండినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు లేచి, రెప్పపాటులో బండి డ్రైవరు మీదికి తిరగబడుతుంది. దూకడానికి టైముండదు. కూరుకుపోతే ముందు రివర్సులో ప్రయత్నించాలి, అప్పుడు ఆ ఎదురుబలం ముందు భాగాన్ని కిందికి నొక్కుతుంది. రాకపోతే ఇంకో బండి తెచ్చి లాగించుకోవాలి. నాన్న ఇది నమ్మలేదు. పీట మీద సైకిలు చక్రం పెట్టి చూపించాక ఒప్పుకున్నారు.

ఈ సార్వాలో మా మూడెకరాలు, పక్కవారివి రెండు దమ్ము చేసింది. నారు ఇరవై ఆరో రోజున నాటాం. రేడియేటరు కొంచెం కారుతోంది. హైడ్రాలిక్కు లిఫ్టు గొర్రును పైకి లేపుతోంది గాని, పది నిమిషాల్లో మెల్లగా దించేస్తోంది. లోపలి రింగు అరిగి ఉండాలి. దాళ్వాలోపు విప్పి చూడాలి.