రోడ్డు ప్రమాదము జరిగినపుడు పోలీసు రిపోర్టు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

మా పని పైరులను గూర్చి చెప్పుట. అయినను ఈ మాసపు పాఠమున రోడ్డు ప్రమాదములను గూర్చియు, వాని పిమ్మట పోలీసు స్టేషనులో సంపాదింపవలసిన కాగితములను గూర్చియు వ్రాయుచున్నాము. ఇందుకు కారణము లేకపోలేదు. కోతలు ముగిసి ధాన్యము మార్కెట్టు యార్డులకు తరలు దినములలో మన మెంబర్లు పగటికంటె రాత్రియందే హెచ్చుగా రోడ్లమీద నుందురు. వెనుక దీపములేని ట్రాక్టరు ట్రక్కులు, అలసిన మనుష్యులు, మోటారు సైకిలుమీద ముగ్గురేసి. ప్రక్కనుండి వేగముగా పోవు కార్లు. ఎముక విరిగిన రైతు ఒక పంటను పోగొట్టుకొనును. రిపోర్టు లేని రైతు ఆ పంటతోపాటు ఆ ఎముకకు రావలసిన పరిహారమును గూడ పోగొట్టుకొనుట మేము కన్నులార చూచితిమి.

విత్తనములు కొన్ననాడు బిల్లును, సంచిమీది చీటీని పంట యింటికి వచ్చువరకు దాచుడని మేము ప్రతి సభలోను చెప్పుచుందుము. మొలక రానినాడు ఆ చీటీయే మన పక్షమున మాటలాడును. ప్రమాదమునందు పోలీసు రిపోర్టు అట్టిదే.

మా సర్కిలులోని యొక కౌలురైతు వేరుసెనగ అమ్ముకొని సాయంకాలము మోటారు సైకిలుమీద ఇల్లు చేరుచుండగా వెనుకనుండి ఒక కారు తగిలెను. కుడికాలు మోకాలి క్రింద విరిగెను. కారువాడు పారిపోలేదు. మర్యాదస్థుడు. తానే దగ్గరుండి ఆసుపత్రిలో చేర్చి, మొదటినాటి ఖర్చు చెల్లించి, "కేసు ఎందుకండీ, అంతయు నేను చూచుకొందును" అనెను. ఊరి పెద్దలును అదియే మంచిదనిరి. రైతు తల యూచెను. ఇరువది దినములకు కాలు చీము పట్టి రెండవ ఆపరేషను కావలసివచ్చెను. అప్పటినుండి కారువాని ఫోను పలుకుట మానెను.

అప్పుడు రైతు బావమరిది స్టేషనుకు పరుగెత్తి అర్జీ వ్రాయించెను. కారు నంబరు అతనికి తెలియదు. కాగితము వ్రాసిపెట్టినవాడు "గుర్తు తెలియని వాహనము" అని వ్రాసెను. ఆ మూడు మాటలు ఎంత పని చేసినవో చూడుడు. తరువాత నంబరు దొరికి, రైతు వాఙ్మూలములో దానిని చేర్చినను, భీమా కంపెనీ వకీలు కోర్టులో, "ఇరువది దినములు కారు లేదు, ఇప్పుడు ఎక్కడనుండి వచ్చినది? పరిహారముకొరకు తెచ్చి పెట్టిన కారు ఇది" అని వాదించెను. రైతును కాపాడినది ఆసుపత్రిలోని మొదటినాటి కేసుషీటు. రాత్రి డ్యూటీలోనున్న డాక్టరు గాయపు కారణము క్రింద కారు నంబరుతో సహా వ్రాసియుంచెను. ఆ డాక్టరు అట్లు వ్రాయకున్నచో ఏమయ్యెడిదో చెప్పనక్కరలేదు. పరిహారము వచ్చినది గాని, ఎంతో ఆలస్యముగా వచ్చినది; ఈలోపల కౌలు పొలము వేరొకరి చేతిలోనికి పోయెను.

కాబట్టి మొట్టమొదట మనుష్యుని ప్రాణము, రెండవది వాహనము నంబరు. 108కి గాని 112కి గాని ఫోను చేసి, అంబులెన్సు వచ్చులోపల నంబరు ప్లేటును, వాహనములు ఆగిన తీరును, రోడ్డుమీది టైరు గీతలను ఫోనులో ఫోటోలు తీయుడు. చూచినవారు ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు అడిగి వ్రాసికొనుడు. సాక్ష్యమన్నచో జనులు జంకుదురు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చిన పరోపకారిని నిర్బంధించి సాక్షిగా చేయరాదని మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణలో 134-ఏ సెక్షను చేర్చబడినదని వారికి చెప్పుడు. నంబరు ఒక్కటి చేతనున్నచో యజమాని ఎవరో, భీమా ఏ కంపెనీలోనున్నదో కనుగొనుట తరువాత పెద్ద పని కాదు.

ఆసుపత్రిలో డాక్టరుకు "పడిపోయినాడు" అని చెప్పకుడు. ఏ వాహనము ఎక్కడ ఎప్పుడు తగిలినదో స్పష్టముగా చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయుమని కోరుడు. అట్లు నమోదైనచో ఆసుపత్రివారే పోలీసులకు సమాచారము పంపుదురు.

ఇక స్టేషను సంగతి. 2024 జూలై 1వ తేదీనుండి పాత క్రిమినల్ ప్రొసీజరు కోడునకు బదులుగా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలునకు వచ్చినది. దాని 173వ సెక్షను రైతు గుర్తుంచుకొనదగినది. ప్రమాదము తమ హద్దులో జరుగలేదని స్టేషనువారు త్రిప్పి పంపరాదు. ఎచ్చట జరిగినను సమాచారము తీసికొని, తరువాత సంబంధించిన స్టేషనుకు పంపవలెను. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అందురు. నోటితో చెప్పినను వ్రాసికొని, చెప్పినవానికి చదివి వినిపించి, సంతకము తీసికొనవలెను. ఫోను ద్వారా పంపిన సమాచారము గూడ చెల్లును. అయితే మూడు దినములలో పోయి సంతకము చేయవలెను. ఎఫ్ఐఆర్ నకలును ఫిర్యాదికిగాని బాధితునికిగాని ఉచితముగా, వెంటనే ఇయ్యవలెను. నకలుకు రుసుము లేదు. ఎవరైన అడిగినచో ఈ సెక్షను పేరు వినయముగా చెప్పుడు. చాలవరకు అంతటితో సరిపోవును.

ఇచ్చట మనవారు మోసపోవు చోటొకటి గలదు. అర్జీ ఇచ్చినపుడు స్టేషను రైటరు ముద్ర వేసి యిచ్చు రసీదును ఎఫ్ఐఆర్ అనుకొని ఇంటికి వచ్చుచుందురు. అది రసీదు మాత్రమే. ఎఫ్ఐఆర్‌కు నంబరు, సంవత్సరము, సెక్షను లుండును. భారతీయ న్యాయ సంహితలో 281 అజాగ్రత్తగా వాహనము నడుపుట, 125 దానివలన గాయపరచుట, 106 మరణము కలిగించుట. చదువురానివారు చదువువచ్చిన పిల్లవానిని వెంట తీసికొనిపోయి, సంతకమునకు ముందే వాహనము నంబరు, తేదీ, వేళ, స్థలము నాలుగును సరిచూచుకొనవలెను. ఎఫ్ఐఆర్‌లను రాష్ట్ర పోలీసువారి వెబ్‌సైటులో ఉంచవలెనని సుప్రీంకోర్టు 2016లో ఆజ్ఞాపించినది; నకలు పోయినను అచ్చటనుండి తీసికొనవచ్చును.

స్టేషనులో తీసికొనకున్నచో? సంగతి వ్రాసి జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు పోస్టులో పంపుడు, రిజిస్టరు చేసిన రసీదు దాచుడు. అక్కడను పని కాకున్నచో మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆలస్యమైనంత మాత్రాన నిరాశ చెందనక్కరలేదు. గాయపడినవాని చికిత్సకై తిరుగువారు మొదట స్టేషనుకు పరుగెత్తలేదని పరిహారమును కొట్టివేయరాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. అయినను ఆలస్యమునకు కారణమును అర్జీలోనే వ్రాయవలెను. వ్రాయని కారణమును తరువాత ఎవరును నమ్మరు.

అర్జీ మచ్చు ఒకటి ఇచ్చుచున్నాము. పేర్లు, తేదీలు మీవి వేసికొనుడు.

"స్టేషను హౌస్ ఆఫీసరుగారికి. ఫలానా గ్రామ నివాసి, ఫలానా వారి కుమారుడు ఫలానా వ్రాసికొన్న అర్జీ. ఫలానా తేదీ సాయంత్రము సుమారు ఆరున్నర గంటలకు, ఫలానా ఊరి కాలువ వంతెన దాటిన తరువాత, నేను నా ఎడమ ప్రక్కన మోటారు సైకిలుమీద పోవుచుండగా, ఫలానా నంబరు గల కారు వెనుకనుండి అతివేగముగా వచ్చి ఢీకొన్నది. నా కుడికాలు విరిగినది. ఫలానా, ఫలానా వారు చూచినారు. నన్ను ఫలానా ఆసుపత్రిలో చేర్చినారు. చికిత్సలో నుండుటచేత ఇన్ని దినములు ఆలస్యమైనది. కారు నడిపినవానిపై చట్టప్రకారము చర్య తీసికొన ప్రార్థన."

ఇంతే. తాము చూడని దానిని చూచినట్లు వ్రాయకుడు. నంబరు తెలియకున్నచో రంగు, రకము వ్రాసి, "నంబరు తెలిసికొని తెలుపుదును" అని చేర్చుడు. వాహనము ఎప్పటికిని దొరకనిచో 2022 నాటి స్కీము ప్రకారము మరణమునకు 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయమునకు 50 వేలు కలవు. దానికిని ఎఫ్ఐఆర్ నకలు కావలెను.

తరువాతి కాగితములు పోలీసువారివద్దనే పుట్టును: స్థల పంచనామా, నక్షా, మోటారు వాహనముల ఇనస్పెక్టరు రిపోర్టు, గాయాల సర్టిఫికెటు, చివరకు ఛార్జిషీటు. మరణము సంభవించినచో శవపంచాయతీ, పోస్టుమార్టము రిపోర్టులు. 2022 ఏప్రిల్‌నుండి అమలులోనున్న నియమముల ప్రకారము పోలీసువారు ప్రమాదపు మొదటి రిపోర్టును 48 గంటలలోను, వివరమైన రిపోర్టును 90 దినములలోను క్లెయిముల ట్రిబ్యునలుకు పంపవలెను. పంపిరో లేదో నెల కొకసారి పోయి అడుగుట మన పని. 2025 మే నెలనుండి అమలైన స్కీములో నియమిత ఆసుపత్రులందు ఏడు దినములవరకు లక్షన్నర రూపాయల మేరకు నగదు లేని చికిత్స కలదు. అదియు పోలీసువారి ధ్రువీకరణతో ముడిపడియున్నది.

పరిహారపు దరఖాస్తును ప్రమాదమునుండి ఆరు నెలలలో వేయవలెనని చట్టపు 166వ సెక్షను చెప్పుచున్నది. ప్రమాదము దూరపు జిల్లాలో జరిగినను, మీరు కాపురమున్న చోటి ట్రిబ్యునలులోనే వేయవచ్చును. స్త్రీలకు, షెడ్యూలు కులములవారికి, తెగలవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితముగా ఏర్పాటు చేయును. సంవత్సరమునకు 20 రూపాయలు మినహాయించు ప్రధానమంత్రి సురక్షా భీమాలో చేరిన మెంబర్లు మన బ్యాంకులో చాలమంది కలరు; ప్రమాదమున మరణించినచో 2 లక్షలు రావలెనన్నను బ్యాంకువారు మొదట అడుగునది ఎఫ్ఐఆర్‌నే.

రైతే తప్పు చేసిన సందర్భములను దాటిపోవుట న్యాయము కాదు. రోడ్డుమీద ధాన్యము ఎండబోసి, చుట్టును రాళ్లు పేర్చి, రాత్రి అట్లే విడిచి పోవుట మనము ఎరుగనిది కాదు. ఆ రాళ్లమీద పడినవాడును ఒకరి బిడ్డయే. మన ట్రాక్టరు ఎవరికైన తగిలినచో ఇంటికి తోలుకొని పోరాదు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చి, 24 గంటలలోపల స్టేషనులో తెలియజేయవలెనని చట్టమే చెప్పుచున్నది. భీమా కంపెనీకిని వెంటనే తెలుపవలెను. ట్రాక్టరు భీమా గడువు తీరిపోయినచో పరిహారమంతయు యజమాని ఆస్తిమీదనే పడును. ట్రక్కులో కూలీలను ఎక్కించినపుడు భీమా ఉన్నను కంపెనీవారు ఒప్పుకొనకపోవుట తరచు. పాలసీ కాగితమును ఈ రాత్రియే తీసి తేదీ చూడుడు.

పైని మచ్చు అర్జీ నకళ్లు సొసైటీ ఆఫీసులో సెక్రటరీగారివద్ద నుంచితిమి. ఒకటి తీసికొని రేషను కార్డు పెట్టుకొను సంచిలోనే పెట్టుకొనుడు. వ్రాయుటకు సహాయము కావలసినవారు మేము యార్డునకు వచ్చు దినమున మమ్ము కలిసికొనవచ్చును.